చౌడప్ప బయోడేటా

అంబుజమ్మ టైపు మిషను ముందు కూర్చున్న గని మనిషి ఎవడైనా సరే, తన పేరు చెప్పేవాడు, తండ్రి పేరు చెప్పేవాడు, ఆ తర్వాత నోరు మూసుకునేవాడు. పాతికేళ్ళు భూమి అడుగున చేసిన పని రెండు పంక్తుల్లో అయిపోయేది. ఆండర్సన్‌పేట బజారులో మామగారు వెంకటేశయ్య ధాన్యం అంగడి అరుగు మీద, రాగుల మూటల పక్కన మిషను పెట్టుకుని కూర్చునే అంబుజమ్మకు, గనులు మూతపడిన ఈ ఏడాదిలో ఇలాంటి మూగవాళ్ళు రోజుకు ముగ్గురైనా తగిలేవారు. గని లోపల అంత గట్టిగా అరుచుకుని పని చేసినవాళ్ళకు పైకి రాగానే గొంతు ఎలా పోయిందో ఆమెకు అర్థమయ్యేది కాదు.

సోమవారం వచ్చిన చౌడప్ప మాత్రం కాగితం రాసుకొచ్చాడు. నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం. ఛాంపియన్ రీఫ్ బంగారు గనిలో టింబరు మేస్త్రీగా చేసినవాడు. తవ్విన చోట పైకప్పు మీద పడకుండా గుంజలు నిలబెట్టే పని. నలభై ఆరేళ్ళుంటాయి. ఇప్పుడు కోలారు మార్కెట్లో టమోటా బాక్సులు దించుతున్నాడు.

అంబుజమ్మ కాగితం చదివి కళ్ళజోడు పైనుంచి చూసింది.

"ఇదేందప్పా, నక్షత్రం కూడా రాసినావు? పెండ్లి చూపులకు పోతా ఉండావా?"

"ఏది కావల్నో ఏది వద్దో నాకేం గొత్తమ్మా? ఉండేదంతా రాసినా."

"ఉండేదంతా యాడ రాసినావు? కులం ఉండాది, గోత్రం ఉండాది, ఊరి దేవుడుండాడు. చేసిన పని మాత్రం కనపడలేదు."

చౌడప్ప కాగితం చివరకు వేలు చూపించాడు. అక్కడ 'గనిలో పని చేసితిని' అని ఉంది.

ఉద్యోగం సంగతి అప్పటికే లైన్లన్నిటికీ తెలుసు. గని కార్మికులు ఉండే ఇళ్ళ వరసల్ని అక్కడ లైన్లనే అంటారు. హిమాచలంలో నీళ్ళ కరెంటు కోసం కొండ తొలుస్తున్న ఒక కంట్రాక్టు కంపెనీకి, సొరంగంలో ఆధారాలు నిలబెట్టే పని తెలిసిన మేస్త్రీ ఒకడు కావాలి. గురువారం కోలారు బస్టాండు దగ్గరి లాడ్జిలో వాళ్ళ ఇంజనీరు మనుషుల్ని చూస్తాడు. బయోడేటా తేవాలి. టీ అంగడి గోడకు ఆ కాగితం అంటించి నాలుగు రోజులైంది. చౌడప్ప దాన్ని రోజూ పోయి చూసి వస్తున్నాడు, ఎవరో చింపేస్తారేమోనన్నట్టు.

జీతం కోసం మాత్రమే అయితే అంత చూడనక్కర లేదు. ఇంటి అప్పులేవీ లేవు. ఆడబిడ్డలిద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. భార్య ఆదిలక్ష్మమ్మ తెల్లవారుజామున బెంగుళూరు రైలెక్కి గార్మెంటు ఫ్యాక్టరీకి పోయి వస్తుంది. టమోటాలు ఆయన పొట్ట నింపుతూనే ఉన్నాయి. కానీ మార్కెట్లో ఆయన్ని "ఏయ్, ముసలోడా" అంటారు. గనిలో ఇరవై రెండేళ్ళు "మేస్త్రీ" అన్నారు. ఆ పిలుపు ఇంకొక్కసారి వినాలని, తల మీద దీపం పెట్టుకుని ఇంకొక్కసారి రాయి కిందికి నడవాలని ఆయన ప్రాణం కొట్టుకుంటోంది. ఈ వయసులో ఇంకో సొరంగం వెతుక్కుంటూ ఈ ఊరికి మళ్ళీ ఎవరూ రారని ఆయనకు తెలుసు.

"చూడప్పా," అంది అంబుజమ్మ, మిషనులోకి కొత్త కాగితం ఎక్కిస్తూ. "ఆ ఇంజనీరు ముందర ఇట్లాంటివి నూరు పడి ఉంటాయి. ఒక్కో దాన్ని అర నిమిషం చూస్తాడు. ఆ అర నిమిషంలో నువ్వు ఆయనకి కనపడల్ల. ఒక్క పేజీ. అన్నిటికన్నా గొప్పది పైన. పని చేసినా అంటే కుదరదు, ఏం చేసినావు, ఎంత చేసినావు, దానివల్ల ఏమైంది. చెప్పు."

చౌడప్ప చేతులు చూసుకున్నాడు. ఆమె అడిగిందేమో కాగితం కోసం. ఆయనకు మాత్రం దీపాల గది గుర్తొచ్చింది. షిఫ్టుకు ముందు అక్కడ వరసగా నిలబడి దీపాలు తీసుకోవడం, టోకెన్ ఇవ్వడం, మనుషుల్ని కిందికి దించే కేజిలో ఒకరి వీపుకు ఒకరి ఛాతీ తగిలేలా నిలబడటం, గంట మోగగానే కాళ్ళ కింద నేల దిగిపోవడం. దిగేకొద్దీ వేడి. చొక్కా విప్పి పిండుకునేంత చెమట. కొత్తగా కోసిన కొయ్య వాసన, మందు పేలిన వాసన, మధ్యాహ్నం విప్పిన టిఫిన్ల వాసన అన్నీ కలిసి ఒకటే వాసన. ఇదంతా ఒక పేజీలో ఏ మూల పడుతుందో ఆయనకు తెలియలేదు.

"ఒకసారి స్టోపు కూలింది గదమ్మా," అన్నాడు చివరికి. "ఎనభై తొమ్మిదిలో. మేము రాయి తవ్వే జాగా. బండ పేలి ముగ్గురు అవతల చిక్కుకొనిరి. గ్యాంగు పోయి తెచ్చినాము."

"ముందర ఎవరు పోయినారు?"

"నేనే. సన్నంగా ఉంటి గదా, సందులో దూరేదానికి."

"ఎంత సేపు?"

"తొమ్మిది గంటలు."

అంబుజమ్మ వేళ్ళు అప్పటికే పరుగెడుతున్నాయి. కొట్టడం ఆపి, ఇంగ్లీషులో తాను రాసింది తెలుగులో చదివి చెప్పింది: 'కూలిపోయిన గనిలోకి ఒంటరిగా దూరి, తొమ్మిది గంటలు శ్రమించి, ఆధారాలు నిలబెట్టి, ముగ్గురి ప్రాణాలు కాపాడెను.'

"ఒంటరిగా అనేది తీసేయమ్మా."

"సందులోకి దూరింది నువ్వే గదా?"

"దూరింది నేనే."

"ఇంగ అబద్ధమేముండాది? గ్యాంగును పెట్టుకుంటే గ్యాంగుకు ఇస్తారప్పా ఉద్యోగం? ఉండేది ఒకటే."

చౌడప్ప మళ్ళీ కాదనలేదు. నిజం చెప్పాలంటే ఆ మాట ఆయనకు నచ్చింది. ఇన్నేళ్ళకు ఎవరో తన పని చూసి రాసినట్టు అనిపించి, చెవులు వేడెక్కాయి. గుర్తింపు చిహ్నం ఏమని ఆమె అడిగితే ఎడమ కనుబొమ్మను తడిమి చూపించాడు. కనుబొమ్మను రెండుగా చీల్చిన మచ్చ. అదీ టైపయింది.

సాయంత్రం రైలు దిగి వచ్చిన ఆదిలక్ష్మమ్మకు ఆ కాగితం సారాంశం కంఠతా అప్పజెప్పాడు. ఆమె కాళ్ళు కడుక్కుంటూ విన్నది.

"ఒక్కడివే తెచ్చినావా ముగ్గురిని? ఆ పొద్దు ఇంటికొచ్చి నిద్దట్లో మారప్పా, మారప్పా అని పలవరిస్తా ఉంటివే."

"అదంతా కాగితానికెందుకు?" అని కసిరాడు చౌడప్ప.

ఆమె నవ్వింది. తర్వాత చేతులు తుడుచుకుని కాగితాన్ని అందుకుని, చదవడం రాకపోయినా, అటూ ఇటూ తిప్పి చూసి, బియ్యం డబ్బా మీద నలగకుండా పెట్టింది. "పొయ్యి గెలుచుకోని రా. నాకి ఆ రైలు శానా బేజారైపోయింది," అంది.

మంగళవారం పొద్దున మారప్ప వచ్చాడు. చౌడప్ప గ్యాంగులో కొయ్య కోసేవాడు. చౌడప్పకన్నా ఆరేళ్ళు చిన్న, మాటకు పిసినారి. ఇప్పుడు బంగారుపేటలో ఒక రంపపు మిల్లులో కట్టెలు చీలుస్తున్నాడు. గుమ్మం దగ్గరే నిలబడి గోడకు చెప్పినట్టు చెప్పాడు.

"అన్నా, బయోడేటా రాయించినావంట. ఒక దినం ఇస్తే చూసి ఇస్తా."

వాడికి చదువు రాదు. చూపించి అలాంటిదే తనకూ ఒకటి రాయించుకుంటాడని చౌడప్పకు అర్థం కాకపోలేదు. అయినా ఇచ్చాడు. ఇవ్వకుండా ఉండటం ఆయనకు చేతకాదు. గనిలో తిండి వేళ గంట మోగితే గ్యాంగులో ఎవడి టిఫిను వాడు తినడం ఉండేది కాదు. అన్ని డబ్బాలూ ఒకచోట విప్పి, రాగిముద్దా అన్నమూ సాంబారూ ఒకే మూతలో కలిపి, పంచుకుని తినేవాళ్ళు. 'తన డబ్బా తానే తినేవాడు' అంటే అంతకు మించిన తిట్టు వాళ్ళకు లేదు. ఒక కొత్తవాడు ఒకసారి గోడవైపు తిరిగి తింటే, వాడు బదిలీ చేయించుకుని పోయేదాకా ఎవరూ వాడితో మాట్లాడలేదు. మారప్ప చెయ్యి చాపి నిలబడితే చౌడప్పకు ఆ కాగితం డబ్బాలాగే కనపడింది. మనసు పీకుతూనే ఉంది, చెయ్యి మాత్రం ఇచ్చేసింది.

బుధవారం సాయంత్రానికి కాగితం తిరిగొచ్చింది. ఒక మూల కాస్త నలిగింది. చౌడప్ప దాన్ని పరుపు కింద పెట్టి పడుకున్నాడు.

గురువారం మార్కెట్లో సెలవడిగితే మండీ యజమాని ఒక లారీ దించిపోమన్నాడు. ఆ ఒక్క లారీ దించేసరికి పదకొండు దాటింది. కొళాయి కింద ముఖం కడిగి, సంచిలో తెచ్చుకున్న తెల్ల చొక్కా తొడుక్కుని, బస్టాండుకు దాదాపు పరుగెత్తాడు. లాడ్జి మెట్ల మీద నలుగురు కూర్చుని ఉన్నారు. నలుగురి చేతుల్లోనూ కవర్లు. అందరూ తన గ్యాంగు వాళ్ళే. మారప్ప, పాపన్న, బచ్చప్ప, చిన్నవెంకటప్ప.

"మీరేంటికి వచ్చినార్రా?" అన్నాడు.

మారప్ప తల వంచుకున్నాడు. బచ్చప్పే చెప్పాడు. "మారప్ప తెచ్చినాడన్నా నీది. జెరాక్స్ తీయించి, బస్టాండుకాడ టైపింగాయన పేరుమింద వైట్నరు పూసి మా పేర్లు కొట్టిచ్చినాడు. నీది బాగుండాదంట గదా."

బచ్చప్ప కవరులో మిగిలిన రెండో కాపీ లాక్కుని చూశాడు చౌడప్ప. తన పేరుండాల్సిన చోట తెల్లటి అట్ట కట్టి ఉంది, దాని మీద వంకరగా బచ్చప్ప పేరు. తండ్రి పేరు మారింది, పుట్టిన తేదీ మారింది. మిగిలినదంతా తనదే. ఇంగ్లీషు చదవలేకపోయినా ఆ పంక్తుల ఆకారం ఆయనకు కంఠతా వచ్చు. ఆ తొమ్మిది గంటలూ బచ్చప్పవైపోయాయి.

చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. ఇరవై రెండేళ్ళు ఒకే మూతలో తిన్నందుకు ఇదా అనుకున్నాడు. జీవితంలో మొదటిసారి తనకంటూ ఒక కాగితం ఉంటే, అదీ పంచుకోవాల్సిందేనా?

"మా నలుగుర్నీ చూసినాడన్నా," అన్నాడు పాపన్న మెల్లగా. "ఉండమన్నాడు. వరసగా అందరి ముఖాలూ చూస్తా ఉండాడు, ఏంటికో."

లోపల ఇంజనీరు అరవై దాటిన మనిషి. కొత్తగూడెం బొగ్గు గనుల్లో చేసి రిటైరై, ఇప్పుడు ఈ కంపెనీకి మనుషుల్ని వెతుకుతున్నాడు. బల్ల మీద నాలుగు కాగితాలు పక్కపక్కన పరిచి ఉన్నాయి. చౌడప్ప ఇచ్చినది తీసుకుని, ఐదోదిగా వాటి పక్కన పెట్టి, వెనక్కి వాలి నవ్వాడు.

"మీ ఊరి వాళ్ళు గట్టివాళ్ళయ్యా. పొద్దుట్నుంచీ చూస్తున్నా. ఒక్కొక్కరూ ముగ్గురిని కాపాడారు. అదే సంవత్సరం, అదే తొమ్మిది గంటలు, అందరూ ఒంటరిగానే. మీతో కలిపి పదిహేను ప్రాణాలు."

చౌడప్పకు చెమట పట్టింది. తన కాగితమే చివర వచ్చింది. తనదే నకలనుకుంటాడు. "సార్, ఇది నాది..." అని మొదలుపెట్టాడు.

"ఆగండి." ఇంజనీరు లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆయన ముఖం దగ్గరగా వంగాడు. "పేర్లు మార్చారు గానీ గుర్తింపు మచ్చ మార్చలేదు మీవాళ్ళు. నలుగురికీ ఎడమ కనుబొమ్మ మీద గాయం ఉందట. ఇందాకటి నుంచి కనుబొమ్మలు చూడటమే నా పని. ఒక్కరికీ లేదు." వేలితో చౌడప్ప మచ్చ చూపించాడు. "ఇదిగో, ఉంది. అసలు కాగితం మీది."

చౌడప్పకు కళ్ళు చెమర్చాయి. మెట్ల మీద వచ్చిన కోపం ఒక్కసారిగా చల్లారింది. ఇంజనీరు కూర్చుని, కలం తీసి, ఒక పుస్తకంలో చౌడప్ప పేరు రాసుకున్నాడు. "నాకు కావలసింది ఒక్కరే. వాళ్ళను వెళ్ళిపొమ్మనండి. దొంగ కాగితాలు తెచ్చిన వాళ్ళతో నాకేం పని?" అన్నాడు. తర్వాత కలం మూత పెడుతూ, పని తెలిసినవాడు పని తెలిసినవాణ్ణి అడిగినట్టు మామూలుగా అడిగాడు.

"ఒకటి చెప్పండి. ఒంటరిగా గుంజ ఎలా లేపారు? రెండో కొస ఎవరు పట్టుకున్నారు?"

అది పరీక్ష కాదు. ఊరికే ముచ్చట. ఏదో ఒకటి చెప్పి లేచి రావచ్చు. తాడేసి లాగానని చెప్పినా సరిపోయేది. కానీ పని గురించి అబద్ధం చెప్పడానికి చౌడప్పకు నోరు తిరగలేదు.

"పాపన్న పట్టుకొన్యాడు సార్," అన్నాడు.

"ఏ పాపన్న?"

"బయట ఉండాడే, ఆ పాపన్నే. సందులో ఒకడే పడతాడు. నేను పండుకోని దూరినాను. వాడు నా కాళ్ళ కాడ. గుంజ వాడు తోస్తే నేను నిలబెట్టేది. బచ్చప్ప రాళ్ళు గంపకెత్తి వెనక్కి పంపేది. చిన్నవెంకటప్ప చెవి గోడకానించి కూర్చునేది, బండ లోపల టకటకమంటే బయటికి అరిచేది. రెండు తూర్లు అరిచినాడు, రెండు తూర్లూ వెనక్కి వచ్చినాము."

ఇంజనీరు కలం పక్కన పెట్టేశాడు. "బిగువెలా ఇచ్చారు?"

"గుంజకీ పైబండకీ నడాన చెక్క చీలలు కొట్టి. ఆ చీలలు మారప్ప కోసినాడు. టేపు లేదు సార్, దుమ్ములో దీపం వేసినా ఏమీ కనపడదు. నేను సందు ఎంతుండాదో ఒక పుల్ల విరిచి వెనక్కి పంపిస్తే, వాడు ఆ పుల్ల చూసి కోసేది. పుల్లంతే కోస్తే చీల జారిపోతాది. ఒక గింజంత జాస్తి ఉండల్ల. ఎంత జాస్తి అనేది వాని చేతికే తెలుసు. తొమ్మిది గంటల్లో నలభై, నలభై ఐదు చీలలు కోసుంటాడు. ఒక్కటి గూడా తిప్పి పంపలేదు."

చెబుతుంటే ఆయనకు ఆ చోటు కళ్ళకు కట్టింది. వెనక చీకట్లో రంపం ఆగి ఆగి వినిపించడం, కాసేపటికి పాదాల పక్కనుంచి చీల చేతికి రావడం. పట్టుకోగానే తెలిసిపోయేది, సరిపోతుందని. అంత భయంలోనూ ఆ చెక్క చేతికి తగిలితే ధైర్యం వచ్చేది. ఆ రోజులు మళ్ళీ రావు కదా అనిపించింది.

ఇంజనీరు పక్కన పెట్టిన కలాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత అడిగాడు. "మళ్ళీ అలాంటి సందులోకి దూరాల్సి వస్తే ఎవరు కోసిన చీల కింద దూరుతారు?"

"మారప్పది," అన్నాడు చౌడప్ప. ఆలోచించి అన్న మాట కాదు.

అన్నాక గానీ తెలిసి రాలేదు, ఏం అన్నాడో. ఇంజనీరు పుస్తకంలో ఇందాక రాసిన పేరు చూసుకుంటున్నాడు. కొట్టివేయడానికి మనసొప్పక కలం పట్టుకుని కూర్చున్నాడు.

"నాకక్కడ దూరేవాళ్ళు ఉన్నారు," అన్నాడు మెల్లగా. "కుర్రాళ్ళు, దేనికీ భయపడరు. కోసేవాడే లేడు. ఇనుప ఆర్చీలు పెట్టినా పైన బిగించడానికి చెక్కే కావాలి. పోయిన నెల బిగువు సరిపోక ఒక పిల్లవాడు పోయాడు." కలం కదిలింది. "మీరు నాకు సగం అబద్ధం చెప్పి ఉంటే ఈ ఉద్యోగం మీదేనండీ."

"ఔను సార్," అన్నాడు చౌడప్ప.

"మారప్పను లోపలికి పంపండి. ఈ వైట్నరు కాగితం పై ఆఫీసులో చెల్లదు. తనది తాను రాయించుకుని సోమవారంలోగా పోస్టు చేయమనండి. మీ పేరు నా దగ్గర ఉంటుంది. వచ్చే ఏడు ఇంకో సొరంగం వస్తుందంటున్నారు."

వచ్చే ఏడు అనే మాట గనులు మూసేటప్పుడు చౌడప్ప చాలాసార్లు విన్నాడు, దానికి అర్థం ఏమిటో ఆయనకు తెలుసు. నమస్కారం పెట్టి లేచాడు.

తలుపు నుంచి మెట్ల దాకా పది అడుగులు. ఆ పది అడుగుల్లో ఒక పాడు ఆలోచన వచ్చింది. ఎవరినీ పిలవలేదని చెప్పి అందరినీ బస్సెక్కించేస్తే? మారప్పకు తెలిసే దారే లేదు. ఇంజనీరు కాసేపు చూసి, రాలేదనుకుని, మళ్ళీ తన పేరే రాసుకుంటాడు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా అది చివరి మెట్టు దాకా ఆయనతోపాటే వచ్చింది.

మారప్ప లేచి నిలబడ్డాడు. "అన్నా, నీ నోట్లో మన్ను కొట్టినాను. దొంగలంటా ఉండాడంట గదా, చిన్నవెంకటప్ప కిటికీలోంచి ఆ మాట వినంగానే పరిగెత్తుకోనొచ్చి చెప్పినాడు. నేనే పోయి చెప్తా, అంతా నేనే చేసినానని."

"లోపలికి పో. నిన్నే పిలుస్తా ఉండాడు."

"తిట్టేదానికా?"

"పో రా," అన్నాడు చౌడప్ప. వాడు వెళ్ళాక మెట్టు మీద కూలబడ్డాడు. పాపన్న ఏదో అడిగాడు గానీ ఆయనకు వినపడలేదు.

ఇంటికి వచ్చి ఆదిలక్ష్మమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె చేతిలోని సంచి కింద పెట్టకుండా నిలబడే విన్నది.

"ఎందుకు చెప్పినావు?"

"అడిగినాడు."

"అడిగితే చెప్పేస్తావా? ఆ మారప్ప నీ కాగితం దొంగిలించినాడు, నువ్వు వానికి ఉద్యోగం మోసిచ్చి వచ్చినావు. నా రైలు సంగతి ఎవరికి పట్టింది?" ఆమె ఏడ్చింది. ఆ రాత్రి అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. చౌడప్పకు మంచి పని చేశానన్న సంతోషం కూడా లేదు. పోయిందన్న బాధ ఉంది, అంతే. పొద్దున ఆమె రైలుకు పోయేటప్పుడు గుమ్మంలో ఆగి, "ఆ మారప్పకు కాగితం యాడ రాయించల్నో గూడా తెలీదు. తోడుపో, లేకుంటే మళ్ళా ఎవడిదో ఒకడిది పట్టుకోని పోతాడు," అని చెప్పి వెళ్ళింది.

శుక్రవారం ఆండర్సన్‌పేటలో అంబుజమ్మ మారప్ప సంగతి విని తల పట్టుకుంది. చౌడప్పను బాగా తిట్టింది. తన పదిహేను ఏళ్ళ టైపింగులో అంత చక్కటి బయోడేటా కొట్టలేదని, దాన్ని పంచిపెట్టడానికి అది గుడి ప్రసాదమా అని అడిగింది. ఆ తర్వాత కాగితం ఎక్కించి మారప్ప వైపు చూసింది. మారప్ప తన పేరు చెప్పాడు. తండ్రి పేరు దొడ్డమునియప్ప అని చెప్పాడు. తర్వాత బజారులో పోయే ఎద్దుల బండిని చూస్తూ కూర్చున్నాడు.

"వాణ్ణి అడిగితే ఏం వస్తాదమ్మా, నేను చెప్తా రాసుకో," అన్నాడు చౌడప్ప.

మొదలుపెట్టాక ఆగలేదు. మారప్ప పద్దెనిమిదేళ్ళప్పుడు పనికి రావడం, రంపం పళ్ళు వాడు ఎవరికీ ఇవ్వకుండా తానే పదును పెట్టుకోవడం, కొయ్యను వేలితో కొట్టి లోపల పుచ్చు ఉందో లేదో చెప్పడం, పచ్చి కొయ్య ఎన్నాళ్ళకు ఎంత కుంగుతుందో లెక్క తెలియకపోయినా సరిగ్గా చెప్పడం. వాడు పెట్టిన చీల ఒక్కటి కూడా తన ఎరుకలో జారలేదు. గనిలో ఏ లెవెల్లో ఎన్ని గుంజలు, ఏ ఏడాది ఎక్కడ కూలింది, అన్నీ తారీకులతో సహా వచ్చాయి. తన గురించి ఒక ముక్క పెగలని నోరు ఇప్పుడు అంబుజమ్మ వేళ్ళు అందుకోలేనంత వేగంగా పోతోంది. మారప్ప ఎవరో పరాయి మనిషి కథ విన్నట్టు నోరు తెరుచుకుని వింటున్నాడు.

పేజీ నిండింది. ఒక్క పేజీ దాటకూడదని అందరికీ చెప్పే అంబుజమ్మ మాట్లాడకుండా రెండో కాగితం ఎక్కించింది.

"ఇంత గడగడా చెప్తా ఉండావే," అంది చివరికి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "నీ సంగతి అడిగిన పొద్దు నోట్లో నీళ్ళు పోసుకోని కూర్చుంటివి గదప్పా."

"నా పని నేను యాడ చూసినానమ్మా?" అన్నాడు చౌడప్ప. "ముందర ఉండేవానికి రాయి తప్ప ఏం కనపడదు. వీళ్ళు చేసింది చూస్తి కాబట్టి చెప్తి."

అంబుజమ్మ రెండో కాగితం కూడా బయటకు తీసి, రెండూ మడిచి, కవరులో పెట్టి మారప్పకు ఇచ్చింది. వాడు కవరు జేబులో పెట్టుకున్నాడు. లేవలేదు. రాగుల మూటల కేసి చూస్తూ కాసేపు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఇంగో కాగితం పెట్టు."

"ఎందుకప్పా? అయిపోయింది గదా."

"అన్నది రాయల్ల. ఆ ఇంజనీరుకు నాదాంతోపాటే పంపిస్తా. నీకు అన్న ఏం చెప్పినాడో ఏమో, వెనకాల ఉండి చూసినోణ్ణి నేను." చౌడప్ప ఏదో అనబోతే మారప్ప చేత్తో ఆపాడు. అంత పొడుగ్గా వాడు మాట్లాడగా ఆ అంగట్లో ఎవరూ వినలేదు. "ఎనభై తొమ్మిదిలో ఆ సందులోకి దూరిన రెండో గంటలోనే అన్నకు రాయి తగిలి కనుబొమ్మ చీలింది. రెండు కండ్లలోకీ రక్తం. ఏడు గంటలు ఏమీ కనపడకుండానే చేత్తో తడుముకోని కొలతలు పంపించినాడు. మాకు చెప్పలే. చెప్తే వెనక్కి పిలుస్తామని. నాకెట్ల తెలిసిందంటే, వచ్చిన పుల్లలన్నీ తడిగా ఉండె. చెమట అనుకుంటి. బయటికొచ్చినాక దీపం కింద చూస్తే నా రెండు చేతులూ ఎర్రగా ఉండె."

చౌడప్ప వాడి ముఖంలోకి చూశాడు. పదమూడేళ్ళుగా ఆ సంగతి తనకొక్కడికే తెలుసనుకున్నాడు.

"ఇంగా శానా ఉండాది," అన్నాడు మారప్ప. "రాస్తా పోమ్మా, నేను చెప్తా ఉంటా."

అంబుజమ్మ కొత్త కాగితం ఎక్కించి, పైన చౌడప్ప పేరు కొట్టింది.